గ్రాంజ్‌ని బరోస్సా వైన్ అనొచ్చా? మా బావగారితో గొడవ, మీరే తేల్చండి

అడిలైడ్_అబ్బాయి:
మెల్‌బోర్న్ నుంచి మా బావగారు వాళ్ళు వస్తే ఇక్కడి ద్రాక్షతోటల లోయ బరోస్సా తిప్పుదామని తీసుకెళ్ళా, కార్లో మొదలైన వాదన ఇంకా తెగలేదు. పెన్‌ఫోల్డ్స్ కంపెనీ రెడ్ వైన్ గ్రాంజ్ ఉంది కదా, అదంటేనే బరోస్సా అంటారాయన. నేను కాదంటా. ఇక్కడ రూల్ ఏంటంటే సీసా మీద ఒక ప్రాంతం పేరు వెయ్యాలంటే కనీసం 85 శాతం ద్రాక్ష అక్కడిదై ఉండాలి. గ్రాంజ్‌లో వేర్వేరు చోట్ల ద్రాక్ష కలుపుతారు, అమ్మేదేమో సౌత్ ఆస్ట్రేలియా అని మొత్తం రాష్ట్రం పేరు మీద. మరి బరోస్సా గొప్ప ఎలా అయింది?

ద్రాక్షతీగ:
నీదే కరెక్ట్ తమ్ముడూ. పెన్‌ఫోల్డ్స్‌లో వైన్ చేసే మాక్స్ షూబర్ట్ ఫ్రాన్స్‌లోని బోర్డో వెళ్ళొచ్చి, అక్కడివాళ్ళలా ఏళ్ళ తరబడి నిలవుండే రెడ్ చెయ్యాలని 1951లో మొదటి ప్రయోగం చేశాడు కదా, దానికి ద్రాక్ష వచ్చింది మాగిల్, మార్ఫెట్ వేల్ నుంచి, రెండూ అడిలైడ్ పక్కనే. అందులో బరోస్సా ఊసే లేదు. తాగినవాళ్ళేమో చీమలు నలిపినట్టుంది అని వెక్కిరించారు, 1957లో కంపెనీ ఆపెయ్యమంది, అయినా ఆయన 57, 58, 59 మూడేళ్ళు దొంగచాటుగా చేసి దాచాడు. పాత సీసాలు ముదిరి రుచి తేలాక మళ్ళీ వాళ్ళే చెయ్యమన్నారు. ఇది మనిషి మొండితనంతో పుట్టిన వైన్, మట్టితో కాదు.

నేరేడుపండు:
అన్నా, మొదటి ఏడాది సంగతి పట్టుకుని వేలాడితే ఎలా. తర్వాత దశాబ్దాల్లో చాలా ఏళ్ళు దానికి వెన్నెముక బరోస్సాలో పండే షిరాజ్ ద్రాక్షే. అసలు ఆ పాత తీగలు ఎందుకు మిగిలాయో తెలుసా? యూరప్ తోటల్ని నాశనం చేసిన ఫైలోగ్జెరా, అదే వేర్లు తినే పురుగు, సౌత్ ఆస్ట్రేలియాలో ఇప్పటిదాకా అడుగుపెట్టలేదు. 1842లో సైలీషియా నుంచి వచ్చిన జర్మన్లు దిగిన చోటు బరోస్సా, 1843లో నాటిన షిరాజ్ ఇంకా కాస్తోంది. 1980ల్లో గిరాకీ లేదని ప్రభుత్వమే డబ్బులిచ్చి తీగలు పీకించింది, ఎన్ని ముసలి తీగలు పోయాయో. పీకకుండా మొండిగా ఉంచుకున్న రైతుల పేరు సీసా మీద ఉండదు, పేరంతా కలిపినవాడికే.

అడిలైడ్_అబ్బాయి:
ఫైలోగ్జెరా అంటే గుర్తొచ్చింది, మా బావగారు ఫోటో కోసం తోటలోకి దిగబోతుంటే గట్టు మీద బోర్డు, లోపలికి రావద్దు అని. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో ఆ పురుగు ఉంది, బూట్లకంటిన మట్టితో కూడా రావచ్చట. పాపం బయటే నిలబడి దిగారు. వెనకాల తీగ మొదలు మనిషి నడుమంత లావుంది, మెలి తిరిగి నల్లగా, చెట్టు అనుకున్నారు ముందు.

గుంటూరు_గోల:
నాకు వైన్ తెలీదు గానీ ఇది ఆవకాయ గొడవలా ఉంది. కాయ నూజివీడుది, కారం గుంటూరుది, కలిపింది మా అమ్మమ్మ. ఎవరిదంటే అమ్మమ్మ ఆవకాయ అంటాం. నూజివీడు ఆవకాయ అని ఎవడంటాడు?

నేరేడుపండు:
భలే చెప్పారు గానీ, కాయలో పీచు లేకపోతే అమ్మమ్మ ఏం చేస్తుందండీ? చోటు అంటే ఏంటో చూడాలంటే హెన్ష్కీ కుటుంబం చేసే హిల్ ఆఫ్ గ్రేస్ వైన్ చూడండి. బరోస్సా పక్కనే ఈడెన్ వ్యాలీలో ఒకే తోట, ఎదురుగా గ్నాడెన్‌బెర్గ్ చర్చి, ఆ జర్మన్ పేరుకే ఇంగ్లీషు హిల్ ఆఫ్ గ్రేస్. 1860ల నాటి తీగలు. 1958 నుంచి ఆ తోట వైన్ ఆ తోట పేరుతోనే. వానలు దెబ్బకొడితే ఆ ఏడాది నష్టం తోటదే, పక్క జిల్లా ద్రాక్షతో సర్దడం కుదరదు. అదీ నిజాయితీ.

ద్రాక్షతీగ:
సర్దడం అనకండి. ఏటా ఎక్కడ బాగా పండితే అక్కడిది ఏరి, అమెరికన్ ఓక్ కొత్త పీపాల్లో పులియడం పూర్తి చేయించి, ఆ వెనిల్లా కొబ్బరి వాసన దాటుకుని నాలుక పట్టేసే వగరు వచ్చేలా 70 ఏళ్ళుగా ఒకే తీరు నిలబెట్టడం ఇంకా కష్టం. ఒకే తోట అయినంత మాత్రాన గొప్పదైపోదు.

హైదరాబాదీ:
మీరు తాగి కొట్టుకుంటున్నారు, మేం రేటు చూసి కొట్టుకుంటున్నాం 😀 ఆస్ట్రేలియాతో మన వాణిజ్య ఒప్పందం 2022 డిసెంబర్ 29న అమల్లోకొచ్చాక 15 అమెరికన్ డాలర్లు దాటిన సీసాలకి కస్టమ్స్ డ్యూటీ 150 నుంచి 75 శాతానికి దిగింది, పదేళ్ళలో 25 అవుతుంది. తమాషా ఏంటంటే అది సంతకమైనప్పుడు ఢిల్లీలో వాళ్ళ హైకమిషనర్ బారీ ఓఫారెల్. 2014లో న్యూ సౌత్ వేల్స్ ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవి పోయింది ఈయనకే, 1959 గ్రాంజ్ సీసా గిఫ్ట్ వల్ల. అందినట్టు గుర్తులేదన్నాడు, చేత్తో రాసిన థాంక్యూ నోట్ బయటపడింది.

గుంటూరు_గోల:
1959 అంటే దొంగచాటుగా చేసిన బ్యాచ్ కదా అది? దాని తలరాతే అంత, ఎప్పుడూ దాచుకునే బతుకు.

అడిలైడ్_అబ్బాయి:
😂 ఇది బావగారికి ఫార్వర్డ్ చేశా. ఆయన రిప్లై: "మీరంతా ఏదైనా అనుకోండి, వచ్చేసారి వేరే బూట్లేసుకొస్తా."