మూసీ వరద రాని హైదరాబాదు: కథలో ఆ తర్వాత ఏం జరగాలి?

ప్రశ్న (నల్లకుంట నుంచి ఒక రచయిత్రి)

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా నేనొక ప్రత్యామ్నాయ చరిత్ర నవల రాస్తున్నాను. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ప్రభుత్వం 1890లలోనే గండిపేట దగ్గర మూసీకి అడ్డంగా ఆనకట్ట కట్టిందనీ, అందువల్ల 1908 సెప్టెంబరు 28న నగరాన్ని ముంచెత్తిన వరద రాలేదనీ అందులో ఊహించాను. పదిహేను వేల మంది అని చెప్పుకునే ఆ ప్రాణనష్టం నా కథలో జరగలేదు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి నిలిచింది, కోల్సావాడీ ఇళ్లు నిలిచాయి. ఇంతవరకు రాయడం సులభంగానే సాగింది కానీ, ఆ తర్వాతి ఇరవై ఏళ్లు రాయబోయేసరికి చెయ్యి ఆడలేదు.

మొదటి ప్రతిలో, వరద తప్పింది కాబట్టి నగరం మరింత త్వరగా వృద్ధిలోకి వచ్చిందని రాశాను. చదివిన మిత్రురాలు, "అందరికీ మేలే జరిగింది, ఎవరూ ఏమీ పోగొట్టుకోలేదు, నాకు నమ్మకం కుదరలేదు" అన్నారు. ఆ మాట రెండు నెలలుగా నన్ను వదలడం లేదు. ఒక సంఘటనను మార్చిన తర్వాత దాని ఫలితాలను ఏ వరుసలో, ఎంత దూరం పట్టుకుని పోవాలి? ఈ నగరం గురించి తెలిసినవారు చెబితే మేలు చేసినవారవుతారు.

సమాధానం (నీటిపారుదల శాఖలో పనిచేసి విరమించిన పాఠకుడు, మెహదీపట్నం)

అమ్మా, తర్వాతి ఇరవై ఏళ్ల సంగతికి ముందు మీ ఆనకట్ట సంగతి తేల్చుకోవాలి. నగరం మీదికి వచ్చిన నీళ్లు ఒక్క మూసీవి కావు. మూసీ, ఈసీ అనే రెండు ఏర్లు లంగర్‌హౌజ్ దగ్గర, ఇప్పటి బాపూఘాట్ వద్ద, కలిసి ఊళ్లోకి వస్తాయి. అందుకే వరద తర్వాత విశ్వేశ్వరయ్యగారు రెండు జలాశయాలు కావాలన్నారు. మూసీ మీద గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగర్ 1920లోనూ, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లోనూ పూర్తయ్యాయి. మీరు గండిపేట దగ్గర మాత్రమే కట్టి ఊరుకుంటే ఈసీ నీళ్లు యథాప్రకారం వచ్చి నగరంలోని పాత వంతెన పురానాపుల్‌ను తాకుతాయి.

ఇంకొక విషయం. ఎగువన పరీవాహక ప్రాంతంలో అప్పటికి 788 చెరువులు ఉండేవి. ఆ వానకు వాటిలో 221 తెగిపోయాయి. శంషాబాద్ దగ్గర ఒక్క రోజులో దాదాపు 13 అంగుళాల వాన పడింది. చెరువు తెగితే నీళ్లు మెల్లగా పెరగవు, గోడలాగా వస్తాయి, ఒకదాని కట్ట తెగితే ఆ తాకిడికి దిగువ చెరువు కట్ట కూడా పోతుంది. ఇన్ని చెరువుల నీళ్లు ఒక్కసారిగా వచ్చి పడినప్పుడు మీ ఆనకట్ట నిలవాలంటే దాని అలుగు ఎంత పొడవు ఉండాలో ఆలోచించండి. నిలవకపోతే, అసలు వరద కంటే ఘోరమైన వరద మీరే తెప్పించినవారవుతారు.

కట్టడం అసాధ్యమని మాత్రం అనను. సున్నం, సుర్ఖీ (ఇటుక పొడి)లతో పెద్ద ఆనకట్టలు కట్టే విద్య అప్పటికే ఉంది, ముళ్లపెరియార్ 1895లో పూర్తయింది. అయితే విశ్వేశ్వరయ్యగారిని మాత్రం కథలోకి తీసుకురాకండి. 1890లలో ఆయన బొంబాయి ప్రభుత్వ కొలువులో ఉన్నారు, హైదరాబాదుకు వచ్చింది 1909లో, అదీ వరద వచ్చినందువల్ల. మీ వరద రాకపోతే ఆయన ఇక్కడికి రావలసిన అవసరమే లేదు. డబ్బు ఎక్కడిది అనే ప్రశ్న కూడా ఉంది. రైల్వే కంపెనీకి హామీ ఇచ్చిన వడ్డీ భారం అప్పటి ఖజానా మీద ఉండేది. ఆనకట్టకు ఖర్చు పెట్టారంటే మరొకటేదో ఆగిపోయి ఉండాలి. ఏది ఆగిందో మీరు నిర్ణయించుకుంటే, మీ మిత్రురాలి సందేహం సగం తీరుతుంది.

సమాధానం (చరిత్ర బోధించే ఉపాధ్యాయురాలు, మలక్‌పేట)

పైన పెద్దాయన నీళ్ల లెక్క చెప్పారు, నేను మనుషుల లెక్క చెబుతాను. మీ కథలో 1908 సెప్టెంబరు 29 ఉదయం హైదరాబాదులో ఎవరూ ప్రాణాలు దక్కాయని సంతోషించరు. ప్రాణాలు పోయే ప్రమాదం ఉండిందని వాళ్లకు తెలియదు కదా. వాళ్లకు తెలిసినదల్లా పదేళ్ల కిందట ఎవరో దివాను (నిజాం ప్రధానమంత్రి) ఖజానా ఖాళీ చేసి ఊరికి దూరంగా ఒక గోడ కట్టించాడనీ, దాని కింద కొందరి భూములు మునిగాయనీ మాత్రమే. తప్పిపోయిన ఆపదకు సాక్షులు ఉండరు. మీ నవలలో ఆ దివాను నిందలు పడుతూనే చనిపోవాలని నా అభిప్రాయం. మన ఊళ్లో రక్షణ గోడకో నాలాకో పెట్టిన ఖర్చును, వాన పడని ఏడాది, ఎంతమంది దండగ అనరు?

అసలు చరిత్రలో వరద వల్ల వచ్చినవాటిని కూడా ఒక్కొక్కటిగా తీసి పక్కన పెట్టవలసి ఉంటుంది, ఇది బాధగా ఉన్నా తప్పదు. నగరాభివృద్ధి సంస్థ 1912లో ఏర్పడింది. నదీతీరంలో హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి వంటి భవనాలు వరద తర్వాతనే లేచాయి. వరద రాకపోతే ఆ తీరమంతా ఇరుకు గల్లీలతోనే ఉండిపోయి ఉండవచ్చు. ఇక్కడొక జాగ్రత్త కూడా చెప్పాలి. 1911లో నగరానికి ప్లేగు వచ్చింది, అది మూసీ కోసం ఆగలేదు. కాబట్టి గల్లీలు వెడల్పు చేయాలనే ఆలోచన మీ కథలో కూడా వస్తుంది, అయితే నీటి భయంతో వచ్చిన ప్రణాళిక ఒక తీరుగా ఉంటే, రోగ భయంతో వచ్చిన ప్రణాళిక మరొక తీరుగా ఉంటుంది. రెండోదానిలో ముందుగా తొలగించేది పేదల ఇళ్లనే. ఈ ఒక్క తేడాను పట్టుకుంటే మీకు నాలుగు అధ్యాయాలు వస్తాయి.

పెద్ద సంస్థల కంటే ఒక్క మనిషి ద్వారా చూపిస్తే పాఠకులకు ఎక్కువ తాకుతుంది. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ, భార్యనూ, కూతురినీ పోగొట్టుకున్నాడు. మీ కథలో వాళ్లు ముగ్గురూ బతికే ఉంటారు. ఆయన ఎలాంటి కవి అవుతాడు? అసలు కవి అనిపించుకుంటాడా? ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు మీదికి ఎక్కి నూటయాభై మంది బతికారంటారు. ఆ చెట్టును నేను పిల్లలకు చూపిస్తుంటాను. మొదలు చుట్టూ తిరిగి, కొమ్మల్లోకి తలెత్తి చూసి, అంతమంది ఎలా పట్టారని ప్రతి ఏడూ అడుగుతారు. మీ హైదరాబాదులో ఆ చెట్టు కింద ఎవరూ నిలబడి పైకి చూడరు. పాషా స్వయంగా నదికి పూజ చేసి చీర సమర్పించాడని చెప్పుకునే కథ కూడా ఉండదు. వాటికి బదులు, "గండిపేట నీళ్లు తాగినవాడు ఊరు వదలడు" అనే మాట మాత్రం ఒక తరం ముందుగా పుట్టి ఉంటుంది.

సమాధానం (పాతబస్తీ పాఠకుడు)

ఉపాధ్యాయురాలిగారి మాటతో చాలావరకు ఏకీభవిస్తున్నాను. ఒక్క చోట మాత్రం నా అనుభవం వేరు. 2020 అక్టోబరు వానలకు చెరువు కట్ట తెగి మా కాలనీలోకి నీళ్లు వచ్చాయి. మర్నాడు నీళ్లు దిగిన తర్వాత గోడ మీద నా ఛాతీ ఎత్తున గోధుమరంగు గీత మిగిలింది. మా అమ్మ బట్టలారేసే తీగ మీద రేషన్ కార్డు, ఇంటి దస్తావేజులు, చెల్లెలి పదో తరగతి మార్కుల జాబితా వరుసగా క్లిప్పులు పెట్టి ఆరేసింది. దస్తావేజులో సిరా అలుక్కుపోయి సరిహద్దుల పేరా చదవడానికి వీలు లేకుండా పోయింది. ఇల్లు మాదేనని రుజువు చేసుకోవడానికి ఒక కార్యాలయం చుట్టూ ఏడాదిన్నర తిరిగాము. వరద ఒక పూటలో పోయింది కానీ, ఆ గీతకు సున్నం వేసినా రెండు వానాకాలాల దాకా పైకి తేలుతూనే ఉంది.

అందువల్ల నేను చెప్పేదేమంటే, 1908లో కొట్టుకుపోయిన వాటిలో కాగితాలు కూడా ఉంటాయి కదా: అప్పు పత్రాలు, తాకట్టు పత్రాలు, ఇనాం సనదులు (ఇనాం భూముల హక్కు పత్రాలు). మీ కథలో అవన్నీ భద్రంగా ఉంటాయి. అంటే అప్పులు కూడా భద్రంగా ఉంటాయి. వరదలో పత్రం పోయి బయటపడిన అప్పులవాడు మీ కథలో వడ్డీ కడుతూనే ఉంటాడు. ఆనకట్ట వల్ల ఏటిలో నీళ్లు తగ్గితే, ఏటి ఒడ్డున బట్టలు ఉతికి బతికేవాళ్లూ, కూరగాయలు పండించుకునేవాళ్లూ ఎటు పోతారో కూడా చూడండి. వాళ్లకు సాక్ష్యం అక్కర్లేదు. ఎండిపోయిన ఏరు రోజూ కళ్ల ముందే ఉంటుంది కాబట్టి, వాళ్లు ఆనకట్టను ఏనాటికీ మరచిపోరు.

ప్రశ్న వేసినవారి జవాబు

ముగ్గురికీ కృతజ్ఞతలు. మొదటి ప్రతిని పక్కన పెట్టేశాను. ఈసీ నీళ్లను వదిలిపెట్టి, సగం వరద రానిస్తాను. ఆనకట్ట ఉందన్న ధైర్యంతో ఏటికి మరీ దగ్గరగా ఇళ్లు కట్టుకున్న ఒక కుటుంబాన్ని తీసుకుంటాను. వాళ్ల ఇంటి గోడ మీద గీతతో రెండో భాగం మొదలవుతుంది. పెద్దాయనను ఒక్కటే అడగాలి: ఆ రాత్రి గండిపేట దగ్గర ఉన్న ఉద్యోగి చేతిలో నిజంగా ఏం ఉంటుంది?

సమాధానం (మెహదీపట్నం పాఠకుడు)

ఆ రాత్రి అతని చేతిలో పెద్దగా ఏమీ ఉండదమ్మా. అతని చేతిలో ఉన్నదంతా ఆగస్టులోనే అయిపోతుంది. తాగునీటి కోసమైతే జలాశయాన్ని నిండుగా ఉంచాలి, వరదను ఆపడానికైతే ఖాళీగా ఉంచాలి. సెప్టెంబరు చివరకు వానాకాలం ముగింపుకు వస్తుంది కాబట్టి, మామూలుగా అది నిండి ఉంటుంది. 1899–1900 కరువు చూసిన మనుషులు నిండిన చెరువును ఖాళీ చేయమంటే ఒప్పుకుంటారా? మీ దివాను ఆగస్టులో నీళ్లు వదలమని రాసిన ఉత్తర్వు, దాన్ని చూసి మండిపడిన ఊరి పెద్దలు, ఆ నీళ్లు ఎండిన ఏటిలో వృథాగా పోతుంటే ఒడ్డున నిలబడి చూసిన జనం, ముందు ఆ దృశ్యం రాయండి.