చివర చుక్క పెట్టి "ఓకే." అంటే ఒప్పుకున్నట్టేనా?

నీలిసిరా:
ముసాయిదా, బిల్లు మొత్తం కలిపి పంపితే క్లయింటు నుంచి "ఓకే." అని ఒక్క ముక్క వచ్చింది. పనంతా అయ్యాక "అందిందన్నాను గానీ ఒప్పుకున్నానని అనలేదు" అంటున్నారు. ఇదెక్కడి న్యాయం? చివరి చుక్క కోపమా? ఆఫీసు మెయిల్లో ఓకే చేశామనడానికి "ఓకేడ్" అని రాయొచ్చా?

తూనీగ:
చుక్కదాకా ఎందుకండీ, ఒట్టి "కె" పంపేవాళ్లతో నాకు ఒళ్లు మండుతోంది. పేజీడు గోడు వెళ్లబోసుకుంటే ఒక్క అక్షరమా!

అక్షరాలబడి:
సబ్‌టైటిళ్లు రాయడం నా వృత్తి, కాబట్టి గట్టిగానే చెప్తాను. మనవాళ్లు కనబడ్డ ప్రతి ఓకేకీ "సరే" అంటించేస్తారు. "ఓకే, సో" అని ఎత్తుకుంటే అది ఒప్పుకోలు కాదు, "ఇక విషయానికొస్తే" అని. సినిమా "ఓకే" అంటే ఏదో ఫర్వాలేదని. టీ కావాలా అంటే "ఐ యామ్ ఓకే" అన్నారంటే వద్దని! అసలీ మాట 1839 మార్చి 23న అమెరికా పత్రిక బోస్టన్ మార్నింగ్ పోస్ట్‌లో అచ్చయింది. "ఆల్ కరెక్ట్"ను కావాలనే తప్పుగా "ఓల్ కొరెక్ట్" అని రాసి పొట్టి చేశారు.

కొండగాలి:
తప్పు. అది అమెరికా ఆదివాసులైన చోక్టాల భాష మాట. అమెరికా అధ్యక్షుడు వుడ్రో విల్సన్ అందుకే చివర హెచ్ పెట్టి రాసేవాడు.

అక్షరాలబడి:
విల్సన్ నమ్మితే నిజమైపోతుందా? ఆలెన్ వాకర్ రీడ్ అనే భాషా పండితుడు 1960ల్లో పాత పత్రికలు తిరగేసి తేల్చాడు. 1840 ఎన్నికల్లో అప్పటి అమెరికా అధ్యక్షుడు వాన్ బ్యూరెన్ మనుషులు ఆయన సొంతూరి పేరుతో "ఓల్డ్ కిండర్‌హుక్" అంటూ ఓకే క్లబ్బులు పెట్టాక బాగా పాకింది. చదువుకుని రండి.

కొండగాలి:
అచ్చులోకి రాకముందు జనం నోట్లో ఉండకూడదా? మీ వృత్తి గొప్పలు మాకెందుకు?

అక్షరాలబడి:
రుజువు చూపించండి, ఒప్పుకుంటాను. గొంతు పెంచితే రుజువైపోదు.

వానచినుకు:
"ఐ యామ్ ఓకే" మాట నూటికి నూరుపాళ్లు నిజం. సాయం కావాలా అంటే నేనలాగే అన్నాను. సరేనన్నాననుకుని ఆ మహానుభావుడు నా రిపోర్టంతా తిరగరాసిపెట్టాడు. ఇప్పటికీ కోపం చల్లారలేదు.

మెట్లదారి:
నీలిసిరా గారూ, "ఈ మొత్తానికి మీకు సమ్మతమేనా?" అని విడిగా అడిగి అవునో కాదో రాయించుకోండి. డబ్బుతో ముడిపడ్డ చోట ఓకేని నమ్ముకోకండి. "ఓకేడ్" డిక్షనరీల్లో ఉంది, అయినా ఒప్పందాల్లో "అప్రూవ్డ్" అనే రాయండి.

తూనీగ:
నా "కె" సంగతి ఎవరూ ఎత్తరేం? ఇంకో అక్షరం కొడితే వేళ్లు అరిగిపోతాయా వాళ్లకి?