14వ సవరణ నడిపిన స్టీవెన్స్ బానిస యజమాని తరఫున వాదించాడా?

బ్రాడీపేట_జూనియర్:
గుంటూరులో లా సెకండియర్. మన ఆర్టికల్ 14లో చట్టాల సమాన రక్షణ అనే ముక్క అమెరికా 14వ సవరణ నుంచి తెచ్చుకున్నదే కదా, దానిమీద సెమినార్ పెట్టారు, నా వాటాకి ఆ సవరణని అమెరికా కాంగ్రెస్‌లో నడిపిన లాయరు థాడియస్ స్టీవెన్స్ పడ్డాడు. బానిసత్వం పేరెత్తితే మండిపడే మనిషని చదూకుంటా వస్తే 1821లో యజమాని తరఫున వాదించి గెలిచాడని కనపడింది. నిజమేనా? నిజమైతే చెప్పాలా, మింగేయాలా?

పాత_ప్లీడరు:
నిజమే తమ్ముడూ, మొదలే అక్కడ పెట్టు. చారిటీ బట్లర్ అనే ఆవిడ కేసు. పెన్సిల్వేనియా 1780 చట్టం ప్రకారం బయట రాష్ట్రం బానిసని అక్కడ ఆరు నెలలు ఉంచితే ఇక స్వేచ్ఛే. మేరీలాండ్ నుంచి వచ్చిపోయిన రోజులన్నీ కూడితే ఆరు నెలలు దాటిందని ఆవిడ వాదన, కాదు ఏకబిగిన ఉండాలి, మధ్యలో వెళ్ళొస్తే లెక్క మళ్ళీ మొదటికే అని స్టీవెన్స్. అక్కడి సుప్రీంకోర్టు ఆయన మాటే ఒప్పుకుంది, ఆవిడా పిల్లలూ బానిసలుగానే మిగిలారు. ఒక్కరోజు లేటని లిమిటేషన్ మీద అవతలోళ్ళ దావా కొట్టేయించిన నాలాంటోడికి ఆ పాయింటు చూస్తే ముందు ముచ్చటేసిద్ది, తర్వాత కడుపులో తిప్పిద్ది.

బెజవాడ_బాబాయ్:
ప్లీడరన్నాక ఏ పార్టీ వస్తే ఆ పార్టీకి వకాల్తా వేస్తాడు, ఇందులో తిప్పేదేముంది సార్

పాత_ప్లీడరు:
మరి ఆయనకే తిప్పినట్టుంది కదండీ, తర్వాత పారిపోయొచ్చిన బానిసల పక్కనే నిలబడ్డాడు. 1851లో క్రిస్టియానా అనే ఊళ్ళో బానిసల్ని పట్టుకుపోవడానికొచ్చిన యజమాని చచ్చిపోతే, పట్టుకోవడానికి సాయం చెయ్యలేదని కాస్ట్‌నర్ హాన్వే అనే తెల్లాయన మీద ఏకంగా దేశద్రోహం పెట్టారు, ఆ డిఫెన్సులో స్టీవెన్స్ ఉన్నాడు, జ్యూరీ పావుగంటలో వదిలేసింది.

కొత్తపేట_అక్క:
బాబూ, ఒక సవరణ. 14వ సవరణ మొదటి సెక్షన్ మాటలు ఎక్కువగా జాన్ బింగమ్ అనే ఇంకో సభ్యుడివి, స్టీవెన్స్ దాన్ని సభలో నడిపించాడు, ఇది తప్పు చెప్తే ప్రశ్నలేసేవాళ్ళు పట్టేస్తారు. నాకైతే 1866 జూన్‌లో ఆయన మాట్లాడిందే ఇష్టం. ఆయన కోరుకున్నంత గట్టిగా లేదా సవరణ, నల్లవాళ్ళకి ఓటు హక్కు అందులో నేరుగా రాలేదు, అయినా ఎందుకు ఒప్పుకుంటున్నావంటే నేను బతికేది మనుషుల మధ్య, దేవదూతల మధ్య కాదు అన్నాడు. పుట్టుకతోనే ఒక పాదం వంకర, చివరికొచ్చేసరికి నడవలేక కుర్చీలో మోసుకొస్తే సభకొచ్చేవాడు, అప్పటి అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ మీద అభిశంసన కూడా అట్లా కూర్చునే నడిపాడు, సెనేట్‌లో ఒక్క ఓటుతో పోయింది. 1868 జులైలో సవరణ ఖాయమైంది, ఆగస్టు 11న ఆయన పోయాడు. నల్లవాళ్ళని రానివ్వని శ్మశానం నాకొద్దని అందర్నీ రానిచ్చే చిన్నదాంట్లో పూడ్పించుకున్నాడు లాంకాస్టర్‌లో.

బెజవాడ_బాబాయ్:
సరే అక్కా ఒప్పుకున్నా. కానీ చారిటీ బట్లర్‌కి ఏమొచ్చింది మరి

బ్రాడీపేట_జూనియర్:
బాబాయ్ ఆ ప్రశ్నతోనే మొదలెడతా. ఇచ్చింది పది నిమిషాలే, సగం ఆవిడకే పోయేట్టుంది. థాంక్సండీ అందరికీ