వారానికి ఆరు గంటలే ఉంటే నెమ్మదిగా తొక్కాలా, గట్టిగా తొక్కాలా?

గాజువాక నుంచి:
నా వయసు 41. షిఫ్టు ఉద్యోగం వల్ల వారానికి ఆరు గంటలకు మించి సైకిల్‌కు కేటాయించలేను. ఆర్కే బీచ్ నుంచి భీమిలి వరకు వెళ్లి రావడం, వారానికి మూడు సార్లు, ఇదే నా సాధన. నాలుగు నెలలుగా సమయం ఒక్క నిమిషం కూడా తగ్గలేదు. మా బృందంలో కొందరు ఎక్కువ భాగం నెమ్మదిగా తొక్కమంటున్నారు. అది వారానికి ఇరవై గంటలు తొక్కేవారి పద్ధతి అని మిగతావారి వాదన. ఏది సరైనది?

ఎంవీపీ కాలనీ నుంచి:
సమయం తక్కువ ఉన్నవారు గట్టిగానే తొక్కాలి. 1996లో జపాన్ పరిశోధకుడు ఇజుమి తబాటా బృందం ప్రచురించిన ప్రయోగం కూడా వ్యాయామ సైకిల్ మీదే జరిగింది. ఇరవై సెకన్లు శక్తికొద్దీ తొక్కి పది సెకన్లు ఆగుతూ, ఏడెనిమిది సార్లు చేసినవారికి ఆరు వారాల్లో గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం పెరిగింది, ఆక్సిజన్ చాలని స్థితిలో పనిచేసే సామర్థ్యమైతే 28 శాతం పెరిగింది. వారానికి ఐదు రోజులు గంటసేపు మోస్తరుగా తొక్కినవారికి మొదటిది మాత్రమే పెరిగింది.

మధురవాడ నుంచి:
ఆ ప్రయోగాన్ని నేనూ గౌరవిస్తాను. కాని గట్టిగా తొక్కిన ఆ బృందం కూడా వారంలో ఒక రోజు ముప్పై నిమిషాలు మోస్తరుగా తొక్కిందన్న విషయాన్ని వదిలేయకూడదు. పైగా వారు వ్యాయామ విద్య చదువుతున్న యువకులు. రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చి సైకిల్ ఎక్కినవారు కారు.

గాజువాక మిత్రులారా, మీ ఇబ్బంది నెమ్మదిలోనూ లేదు, వేగంలోనూ లేదు. మూడు రోజులూ ఒకే మధ్యస్థ వేగంతో తొక్కడంలో ఉందని నా నమ్మకం. మాట తెగిపోతుంది, కాని కాళ్లు పూర్తిగా మండవు. ఆ వేగం అలసటను మిగులుస్తుంది గాని, గుండెను దాని గరిష్ఠ స్థాయి దగ్గరకు తీసుకెళ్లదు. నెమ్మదిగా తొక్కే గంటల్లో కండరాల్లో సూక్ష్మ రక్తనాళాలూ, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలూ పెరుగుతాయి. కొవ్వును ఇంధనంగా వాడుకునే అలవాటు బలపడుతుంది. సాధనలో 80 శాతం నెమ్మదిగా ఉండాలని క్రీడా శాస్త్రవేత్త స్టీఫెన్ సైలర్ చెప్పిన లెక్క కూడా ప్రధానంగా సాధన రోజుల సంఖ్యకు సంబంధించినది, గంటలకు కాదు. మూడు రోజుల వారానికి దాన్ని యథాతథంగా వర్తింపజేయలేం.

మన ఊరికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఉక్కపోతలో చెమట ఆరదు కాబట్టి శరీరాన్ని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమటతో రక్తంలోని ద్రవం తగ్గుతుంది, ఆ లోటును పూడ్చడానికి గుండె వేగం పెంచుకుంటుంది. గత మే నెలలో భీమిలికి వెళ్లేటప్పుడు 136 ఉన్న నా గుండె వేగం, పెడల్ మీద పెట్టిన బలం మారకపోయినా, తిరుగు దారిలో ఋషికొండ దగ్గర 154 చూపించింది. మోచేతుల నుంచి చెమట చుక్కలు కారి హ్యాండిల్ పట్టు జారుతోంది. అటువంటి రోజున గుండె వేగం చూపే మీటరును నమ్మితే నడక వేగానికి దిగిపోతాం. అందుకే పూర్తి వాక్యం ఆగకుండా పలకగలిగితే అది నెమ్మది అని లెక్కపెట్టండి. రెండు రోజులు అలా, ఒక రోజు కైలాసగిరి ఘాట్ రోడ్డు మీద నాలుగు నిమిషాల చొప్పున నాలుగు సార్లు గట్టిగా తొక్కండి. మధ్యలో మూడు నిమిషాలు తేలిగ్గా.

ఎంవీపీ కాలనీ నుంచి:
మధ్యస్థ వేగం గురించి మీరన్నది ఒప్పుకుంటాను. ఒక్క గట్టి రోజు చాలదని మాత్రం ఇప్పటికీ అంటాను. ఆరు గంటల్లో నాలుగు గంటలు నెమ్మదిగా గడిపితే శరీరానికి అందే ప్రేరణ మరీ పలచబడుతుంది. రెండో గట్టి రోజు నలభై నిమిషాలే అయినా ఉండాలి.

మధురవాడ నుంచి:
రాత్రి షిఫ్టు లేని వారంలో అయితే నాకు అభ్యంతరం లేదు. నిద్ర చాలని వారంలో ఆ రెండో రోజును వదిలేయాలి.

గాజువాక నుంచి:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఈ ఆదివారం ఇరవై నిమిషాలు శక్తికొద్దీ తొక్కి ఎంత దూరం వెళ్లానో రాసుకుంటాను. ఆరు వారాలు ఒక గట్టి రోజుతో నడిపి, అదే దారిలో, అదే వేళకు మళ్లీ కొలిచి ఇక్కడే రాస్తాను. ఎదురుగాలి ఉన్న రోజైతే ఆ కొలతను లెక్కలోకి తీసుకోను.