అప్‌డేట్: మారుతి 800కి ఇంజిన్ మార్చలేదు, హెడ్ పనితోనే సరిపోయింది

నా మారుతి 800కి పికప్ లేదు, ఐడిలింగ్‌లో వణుకు, మారుతి ఎస్టీమ్ కారు 1.3 లీటర్ ఇంజిన్ వేయించనా అని ఇదివరకు ఇక్కడ అడిగాను. ముందు కంప్రెషన్ (సిలిండర్లో పిస్టన్ గాలిని నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి) చూపించమన్న అన్నకి చాలా థ్యాంక్స్, అసలు సంగతి అక్కడే దొరికింది.

మూడు సిలిండర్ల రీడింగులు వరుసగా 165, 160, 90 పీఎస్ఐ (ఒత్తిడి కొలత). మూడో సిలిండర్లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తే 95 దాటలేదు. పిస్టన్ రింగులు అరిగితే ఆయిల్ పోయగానే బాగా పెరగాలి. పెరగలేదంటే లీకు పైన, వాల్వుల్లోనో గ్యాస్కెట్లోనో. హెడ్ (సిలిండర్ల పైన మూతలా ఉండే, వాల్వులుండే భాగం) విప్పితే ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు మినపగింజంత మేర కాలి, కొరికినట్టు ఊడిపోయి ఉంది. ట్యాపెట్ గ్యాప్ (వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు) మరీ బిగుతుగా ఉండి వాల్వ్ పూర్తిగా మూసుకోక, సీటుకి (వాల్వ్ ఆనుకునే అంచుకి) వేడి దిగక కాలింది.

కొత్త వాల్వ్, సీట్ గ్రైండింగ్, వాల్వ్ సీళ్లు, హెడ్ గ్యాస్కెట్, ఎలాగూ విప్పారు కాబట్టి టైమింగ్ బెల్ట్ కూడా. బిగించేముందు హెడ్ పోర్టుల్లో (గాలి, పొగ పోయే దారుల్లో) కిరోసిన్ పోసి వాల్వుల దగ్గర కారడం లేదని చూడాలి, ఇది వదలొద్దు. ఇప్పుడు మూడూ 160 పైనే.

అంతకుముందు చేయించిన కార్బురేటర్ క్లీనింగ్, కొత్త ప్లగ్గులతో ఏ తేడా రాలేదు.

ఇంజిన్ మార్చాలనుకునేవాళ్లకి: ఇంజిన్ నంబరు, సీసీ ఆర్‌సీలో ఉంటాయి. ముందే ఆర్టీఏ అనుమతి తీసుకోవాలి, ఇన్సూరెన్స్‌లోనూ మార్పించాలి.