జావా తోలుబొమ్మలాటలో భారతకథ: చూడబోయే ముందు కొన్ని సందేహాలు

ప్రశ్న

అందరికీ నమస్కారం. వచ్చే వేసవిలో మేము కుటుంబంతో ఇండోనేషియాలో జావా ద్వీపంలోని యోగ్యకర్తకు వెళ్ళబోతున్నాము. అక్కడి 'వయాంగ్ కులిట్' అనే తోలుబొమ్మలాటలో ఎక్కువగా రామాయణ, భారత కథలే ఆడతారని చదివాను. జనాభాలో అత్యధికులు ముస్లింలైన జావాలో ఈ కథలు ఇన్ని శతాబ్దాలు ఎలా నిలిచాయి? ఆడేది మనం ఎరిగిన కథేనా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం

అక్కడ ఆ కథలు నిలవడమే కాదు, పెరిగాయి కూడా. జావాలో ఇస్లాంను వ్యాపింపజేసిన తొమ్మండుగురు వలీలలో (ముస్లిం సాధువులలో) ఒకరైన సునాన్ కలిజగ, ప్రజలకు ప్రాణమైన బొమ్మలాటనే తన బోధకు వేదికగా చేసుకున్నారని అక్కడి సంప్రదాయం చెబుతుంది. ధర్మరాజు దగ్గర 'కలిమసాద' అనే మహిమ గల పత్రం ఉంటుంది. అది ఇస్లాం విశ్వాస వాక్యమైన షహాదాయే అని చాలామంది జావావాసులు అన్వయించుకుంటారు. ధర్మరాజు ధర్మరాజుగానే ఉన్నాడు, అతని చేతిలోని పత్రానికి మాత్రం కొత్త అర్థం వచ్చింది.

ఇక కథ విషయానికి వస్తే, మీకు తెలిసిన పేర్లే వినిపిస్తాయి గాని బంధుత్వాలు మారిపోయి ఉంటాయి. ద్రౌపది ధర్మరాజు ఒక్కడికే భార్య. మన శిఖండి అక్కడ శ్రీకండి అనే స్త్రీ, విలువిద్యలో ఆరితేరిన వీరవనిత, అర్జునుని భార్యలలో ఒకతె. ఇవన్నీ మూలాన్ని చెడగొట్టడమని దయచేసి అనుకోకండి. మనం ఎంతో ఇష్టంగా చెప్పుకునే శశిరేఖ కథ కూడా వ్యాసభారతంలో లేనిదే.

అన్నిటికంటే ముఖ్యంగా సెమార్‌ను గమనించండి. బానపొట్టతో, పొట్టిగా ఉండే ఈ ముసలి సేవకుడు నిజానికి ఒక దేవుడు. గారెంగ్, పెట్రుక్, బాగాంగ్ అనే ముగ్గురితో కలిసి అతడు నడిరాత్రి వేళ తెరమీదికి వచ్చి, రాజులకు బుద్ధి చెబుతూ, నేటి ధరల గురించీ నాయకుల గురించీ కూడా మాట్లాడతాడు. జావా ఆత్మ పాండవులలో కంటే ఇతనిలోనే ఎక్కువగా ఉందని నా అభిప్రాయం.

రెండవ సమాధానం

పై సమాధానానికి ప్రదర్శన విధానం గురించి కొంత చేర్చుతాను. మన తోలుబొమ్మలాటలో కుటుంబమంతా కలిసి పాడి ఆడిస్తే, అక్కడ 'దలాంగ్' అనే ఒకే వ్యక్తి రాత్రంతా బాసింపట్టు వేసుకుని కూర్చుని అన్ని పాత్రలకూ గొంతు మార్చి మాట్లాడతాడు. చేతులు రెండూ బొమ్మలతో తీరిక లేకుండా ఉన్నా, చిన్న కొయ్యసుత్తితో పక్కనున్న బొమ్మల పెట్టెను తడుతూ, కాలితో లోహపు పలకలను మోగిస్తూ వెనుక కూర్చున్న గామెలాన్ వాద్యబృందానికి సంకేతాలిస్తాడు. ఆడని బొమ్మలను తెర అడుగున పరిచిన అరటి బోదెలో గుచ్చి నిలబెడతారు.

బొమ్మ తీరు కూడా వేరు. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో మేకతోలును పలుచగా గీకి, వెలుగు ప్రసరించేలా రంగులద్దుతారు గనుక తెరమీద రంగుల బొమ్మే కనిపిస్తుంది. జావావారు వాడేది మందమైన గేదెతోలు. తెరమీద నల్లని నీడ, అందులో ఉలితో చెక్కిన సన్నని రంధ్రాల నుండి వెలుగు పడుతుంది. మతం వేరైనా కథను తమదిగా ఆడడం మీకు వింతగా తోస్తే, మన అనంతపురం ప్రాంతపు బొమ్మలాట కుటుంబాలలో చాలామందికి ఇంటిభాష మరాఠీ అని గుర్తుచేయాలి. వారు తెలుగులో రామాయణం పాడితే మనకు పరాయిగా అనిపించలేదు కదా.

మూడవ సమాధానం

జావా కళలంటే హిందూ, ఇస్లాం సంప్రదాయాలే అనుకోకూడదు. చీనా సంతతివారి 'పోతేహి' చేతిబొమ్మలాటను తూర్పు జావాలో ఆడించేవారిలో జావా ముస్లింలు కూడా ఉన్నారు. 1967లో సుహార్తో ప్రభుత్వం చీనా ఆచారాలను బహిరంగంగా జరపరాదని ఆదేశించింది. 2000లో అధ్యక్షుడు అబ్దుర్రహ్మాన్ వాహిద్ దానిని రద్దు చేసేంతవరకు చీనావారి సింహనృత్యం వీధుల్లోకి రావడానికే వీలు లేకపోయింది. కలిసిమెలిసి ఉన్న కళలను కూడా ఒక్క ఆదేశం ఎంతగా అణచగలదో తెలుసుకోవడం అవసరం.

అడిగినవారు

ముగ్గురికీ ధన్యవాదాలు. భాష రాకపోతే రాత్రంతా కూర్చోవడం పిల్లలకు కష్టమవుతుందేమో?

రెండవ సమాధానం ఇచ్చినవారు

యోగ్యకర్తలో సందర్శకుల కోసం కుదించిన ప్రదర్శనలు ఉంటాయి. పిల్లలతో ముందు వాటికి వెళ్ళండి. ప్రంబనన్ ఆలయం దగ్గర 1961 నుండి ప్రదర్శిస్తున్న రామాయణ నృత్యరూపకంలో మాటలు లేవు కాబట్టి భాష అడ్డు రాదు. బొమ్మలాటలో మాత్రం కాసేపు నీడ కనిపించే వైపు, కాసేపు దలాంగ్ వెనుక కూర్చోండి. అక్కడివారు కూడా అలాగే అటూ ఇటూ తిరుగుతూ చూస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు.