ఆలుగడ్డ విత్తనం: కోసి నాటాలా, పూర్తి గడ్డ నాటాలా?

మొగుడంపల్లి_యువరైతు: ఈ ఏడాది మొదటిసారి రెండెకరాల్లో ఆలుగడ్డ వేస్తున్నాను. దుక్కి అయింది, పశువుల ఎరువు తోలించాను. ఆగ్రా నుంచి పుఖ్రాజ్ విత్తనం వస్తోందని అంటున్నారు, జ్యోతి కూడా దొరుకుతుందట. ఏ రకం వేయమంటారు? గడ్డను కోసి నాటాలా, అలాగే నాటాలా? మా ఊళ్లో తలా ఒక మాట చెబుతున్నారు.

ఎర్రనేల: కోయవద్దు. కోడిగుడ్డంత గడ్డలు ఏరుకుని పూర్తిగా నాటండి. అక్టోబరులో మన జహీరాబాద్ నేలలు ఇంకా వేడిగానే ఉంటాయి. నాటగానే ఒక వాన పడిందంటే కోత ముఖం నుంచి కుళ్లు పట్టి ముక్క మెత్తబడిపోతుంది. పైగా తెగులున్న ఒక్క గడ్డను కోసిన కత్తితో తర్వాతి గడ్డలన్నీ కోస్తాం. ఒక గడ్డలోని రోగం పొలమంతా పాకడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు.

కోహీర్_సేద్యం: లెక్క కూడా చెప్పండి. సాళ్ల మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 20 సెంటీమీటర్లు పెడితే ఎకరానికి దాదాపు 33 వేల గడ్డలు పడతాయి. 40 గ్రాముల గడ్డ అయితే 13 క్వింటాళ్లు దాటుతుంది. అదే 25 గ్రాముల ముక్క అయితే ఎనిమిదిన్నర క్వింటాళ్లలోపే సరిపోతుంది. ఈ పంటలో విత్తనానిదే అన్నిటికన్నా పెద్ద ఖర్చు. ఐదు క్వింటాళ్ల తేడా చిన్న రైతుకు చిన్న మాట కాదు.

కోయడానికి పద్ధతి ఉంది. మొలక వచ్చే కళ్లు ఎక్కువగా గడ్డ తల వైపు గుంపుగా ఉంటాయి, తీగ నుంచి ఊడిన తొడిమ వైపు తక్కువ. అడ్డంగా కోస్తే కళ్లు చాలావరకు ఒక ముక్కకే వస్తాయి, రెండోది సరిగా మొలవదు. తల నుంచి తొడిమ దాకా నిలువునా కోయాలి, ముక్కకు కనీసం రెండు కళ్లు ఉండాలి. మాంకోజెబ్ మందు పట్టించి, నీడలో గోనెపట్టాల మీద పల్చగా పరిచి, కోత ముఖం మీద పొర కట్టాక నాటాలి. మా నాన్న కాలం నుంచి ఇలాగే చేస్తున్నాం.

మిద్దెతోట_విజయవాడ: వంటింట్లో మొలకలొచ్చిన గడ్డలను కోయకుండానే సంచుల్లో వేశాను. బాగానే ఊరాయి.

పలమనేరు_రైతు: మా వైపు ఉర్లగడ్డను వానకారులో కూడా వేస్తాం. వానకారులో కోసి వేస్తే మాత్రం చేతులారా పోగొట్టుకున్నట్టే. చలికాలం పంటకు కోసినా నడుస్తుంది.

ఎర్రనేల: "నాన్న కాలం నుంచి" అనేది రుజువు కాదు. నేను కళ్లారా చూసింది చెబుతాను. నాటి నెలన్నర అయింది, చేను పచ్చగా కళకళలాడుతోంది. మధ్యాహ్నానికి అక్కడక్కడ మొక్కలు తలవాల్చాయి, ఆకులు మాత్రం పచ్చగానే ఉన్నాయి. నీరు చాలలేదనుకుని తడి పెట్టాం. తడి పెట్టాక ఇంకా పెరిగింది. వాడిన కాండాన్ని మొదట్లో కోసి, గాజు గ్లాసులోని నీళ్లలో నిలబెట్టి చూడండి. కోసిన చోటు నుంచి పాలలాంటి తెల్లటి దారం సన్నగా కిందికి జారుతుంది. అదే బాక్టీరియా ఎండు తెగులు. గడ్డను కోస్తే లోపల గోధుమరంగు వలయం ఉంటుంది, నొక్కితే జిగురు కారుతుంది. దీన్ని నయం చేసే మందు లేదు. మీ మాంకోజెబ్ శిలీంధ్రాల మీద పనిచేస్తుందే తప్ప బాక్టీరియా మీద పనిచేయదు.

కోహీర్_సేద్యం: మాంకోజెబ్ బాక్టీరియాను చంపుతుందని నేను ఎక్కడ అన్నాను? నా మాట మళ్లీ చదవండి. పైగా పూర్తి గడ్డలో కూడా ఆ తెగులు పైకి కనబడకుండా దాగి ఉంటుంది. కోయకపోతే రాదని ఎలా అంటారు?

ఎర్రనేల: రాదని అనలేదు. పూర్తి గడ్డలో ఉంటే ఆ ఒక్క చోటే మొదలవుతుంది. కత్తి పడితే వందకు అంటుకుంటుంది.

కోహీర్_సేద్యం: కత్తిని పొటాషియం పర్మాంగనేటు నీళ్లలో ముంచుతూ కోస్తే అంటుకోదు.

ఎర్రనేల: కూలి మనిషి ప్రతి గడ్డకూ కత్తి ముంచుతుందా? సాయంత్రంలోగా పది బస్తాలు కోయమని మీరే చెబుతారు.

మొగుడంపల్లి_యువరైతు: అయ్యా, రకం సంగతి ఎవరూ చెప్పలేదు.

దుంపపంటల_విద్యార్థి: నేను చెబుతాను. పేరు ముందు "కుఫ్రీ" అని ఉన్నవన్నీ సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ రకాలు. కుఫ్రీ జ్యోతి 1968 నాటిది, ఇప్పటికీ బాగా సాగవుతోంది. ఒకప్పుడు ఆకుమాడు తెగులును బాగా తట్టుకునేది, ఆ గుణం ఇప్పుడు చాలావరకు పోయింది. లవ్‌కర్ దక్కన్ పీఠభూమికి తగినదిగా వచ్చింది, త్వరగా ఊరుతుంది. పుఖ్రాజ్ దిగుబడి ఎక్కువ, తొందరగా చేతికొస్తుంది, కానీ గడ్డలో నీటి శాతం ఎక్కువ కాబట్టి చిప్స్‌కు పనికిరాదు. ఆ పనికి చిప్సోనా రకాలు వేరే ఉన్నాయి.

మన దగ్గర అసలు ఇబ్బంది రాత్రి వేడి. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీలు దాటితే మామూలు రకాల్లో తీగ పెరుగుతుంది, గడ్డ సరిగా ఊరదు. వేడిని తట్టుకోవడానికే కుఫ్రీ సూర్య తెచ్చారు. ముందుగా నాటేవారికి అది మేలు. ఏ రకమైనా శీతల గిడ్డంగి నుంచి వచ్చిన బస్తాను విప్పి వెంటనే నాటకండి. నీడలో, వెలుతురు తగిలేలా పరిస్తే పొట్టిగా, గట్టిగా, ఆకుపచ్చగా మొలక వస్తుంది. చీకట్లో వచ్చే పొడవాటి తెల్ల మొలకలు నాటేటప్పుడే విరిగిపోతాయి.

జహీరాబాద్_పాతకాపు: ఇంత వివరం ఊళ్లోకి వచ్చి ఎవరూ చెప్పరు. ధన్యవాదాలు.

కోహీర్_సేద్యం: అన్నీ బాగున్నాయి. సూర్య ఎక్కడ దొరుకుతుంది? మా దగ్గరికి వచ్చే లారీలో ఏముంటే అదే రకం.

ఎర్రనేల: దొరకదు అనేది సాకు. ముందుగా పూనుకుంటే దొరుకుతుంది. అగ్గువకు వచ్చిందని పెద్ద గడ్డలు తెచ్చి, ముక్కలు చేసి, ఊరందరికీ తెగులు పంచేవాళ్లకు పూనిక ఉండదు.

కోహీర్_సేద్యం: మాట జారకండి. నేను అగ్గువకు తెచ్చుకోలేదు, అప్పుకు తెచ్చుకున్నాను. మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. విత్తనం కమీషన్ వ్యాపారి ఇస్తాడు. డబ్బు ఇప్పుడు అడగడు. పంట వచ్చాక గడ్డ అతని కాంటా మీదే పెట్టాలి, అతను చెప్పిన ధరకే ఇవ్వాలి. బస్తా విప్పితే పిడికిలి కన్నా పెద్ద గడ్డలుంటాయి, కూరకు అమ్మే గడ్డలు. చిన్నవి ఏరుకుంటానంటే "ఇష్టమైతే తీసుకో" అంటాడు. ఒక్కొక్కటి 150 గ్రాములున్న గడ్డను పూర్తిగా నాటితే ఎకరానికి ఎన్ని క్వింటాళ్లు కావాలో మీరే లెక్క వేయండి. కోయక ఏం చేయాలి? నిరుడు ఒక బస్తాలో సగం మొలవలేదు. అడిగితే నీళ్లు ఎక్కువ పెట్టావన్నాడు. ఆ అప్పు మాత్రం పూర్తిగా కోసుకున్నాడు.

పలమనేరు_రైతు: ఇది మా దగ్గరా ఉన్నదే.

ఎర్రనేల: ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. నా సంగతీ వినండి. నా పొలం పల్లంలో ఉంది. పై పొలం వాళ్లు కోసిన విత్తనం వేశారు. వాళ్ల సాళ్లలోంచి పారిన నీళ్లే నా బోదెల్లోకి వచ్చాయి. తెగులు నేను కొనలేదు, కోయలేదు, నీళ్లతో వచ్చింది. ఆ మడిలో ఆలుగడ్డ మానేసి జొన్న, మొక్కజొన్న వేసుకుంటున్నాను. టమాటా, మిరప, వంగ కూడా వేయలేను, అవీ ఆ తెగులుకు లొంగేవే. "నా విత్తనం, నా ఇష్టం" అని ఎవరైనా అంటే నాకు కోపం అందుకే వస్తుంది.

కోహీర్_సేద్యం: నా ఇష్టం అని నేనెప్పుడూ అనలేదు. నా ఇష్టం ఏమీ లేదనే చెబుతున్నాను.

మొగుడంపల్లి_యువరైతు: పోనీ, సొంత విత్తనం దాచుకుంటే?

దుంపపంటల_విద్యార్థి: ఫిబ్రవరిలో తీసిన గడ్డను అక్టోబరు దాకా, మన ఎండాకాలం దాటించాలి. 2 నుంచి 4 డిగ్రీల గిడ్డంగి లేకుండా కుదరదు. దానికి తోడు పేనుబంక అనే పురుగు వైరస్‌ను మోస్తుంది. ఏటా అదే విత్తనం వాడితే ఆకులు ముడుచుకుని గడ్డ చిన్నదవుతూ పోతుంది. ఉత్తరాదిన పేనుబంక పెరగకముందే తీగలు కోసేసి విత్తనం తీస్తారు. మన చలికాలంలో అంత వెసులుబాటు ఉండదు. కొనక తప్పదు. కొనేటప్పుడు బస్తాకు ట్యాగు చూడండి: ధ్రువీకరించిన విత్తనానికి నీలం, మూల విత్తనానికి తెలుపు.

కోహీర్_సేద్యం: నేను ఇన్నేళ్లలో ఏ రంగు ట్యాగూ చూడలేదు. ఉత్త గోనె, దాని మీద కుట్టు.

ఎర్రనేల: అయితే అప్పు లేనివాళ్లమైనా ముందు అడగాలి. నేను ఈసారి నీలం ట్యాగు లేని బస్తా దించుకోను. పదిమంది కలిసి ఒక లారీ చెప్పుకుంటే, 30 నుంచి 50 గ్రాముల గడ్డలే కావాలని షరతు పెట్టవచ్చు. మీరు వస్తారా?

కోహీర్_సేద్యం: ముందే డబ్బు కట్టాలంటే రాలేను. సగం డబ్బు పంట వచ్చాక తీసుకుంటామంటే చెప్పండి, వస్తాను.

మొగుడంపల్లి_యువరైతు: నా రెండెకరాలకూ రాసుకోండి. జ్యోతి అయినా సరే, సూర్య అయినా సరే.